బావగారు కొనని తుపాకీ

మొన్న ఆదివారం మౌంట్ ఆల్బర్ట్‌లో ఒక స్కూలు హాలులో మనవాళ్ళ భోజనాలకు వెళ్ళాను. పులిహోర గిన్నె దగ్గర వరుసలో నా వెనక నిలబడ్డ కుర్రాడు, ముఖం చూస్తే పెళ్ళయి ఏడాది కూడా అయినట్టు లేదు, చెవి దగ్గరికి వంగి, "అంకుల్, మీది సీమ అంట కదా. ఇంట్లో సేఫ్టీకి ఏ గన్ బెటర్ అంటారు?" అన్నాడు. టకానినిలో కొత్త ఇల్లు కొన్నాడట, పక్క వీధిలో దొంగలు పడ్డారట. ఫోను తీసి, ఎవడో అమెరికావాడు బల్ల నిండా తుపాకులు పరిచి ఇది పడగ్గదికి, ఇది హాలుకి అని వంకాయలు ఏరినట్టు ఏరుతున్న వీడియో చూపించాడు. నేను పులిహోర రెండు గరిటెలు ఎక్కువే వేసుకుని, తీరిగ్గా మాట్లాడదాం నాయనా అని ఓ మూలకు పోయి కూర్చున్నాను. అన్నం నోట్లోకి పోతోంది గానీ మనసు అక్కడ లేదు. మా బావగారి దగ్గరికి పోయింది.

ముందు నా తుపాకీ పాండిత్యం సంగతి చెప్పాలి. మా నాన్న కడపలో విత్తనాల కొట్లో గుమాస్తా. మా ఇంట్లో అతి ప్రమాదకరమైన ఆయుధం మా అమ్మ చేతిలో పచ్చడిబండ. కానీ ఈ ఊళ్ళో దిగిన మొదటి నెలలోనే ఒక సంగతి కనిపెట్టాను. కృష్ణా గోదావరి జిల్లాల వాళ్ళు పదిమంది కూర్చున్నచోట కడప అన్నామంటే చాలు, మనకు కుర్చీ ఖాళీ చేసి ఇస్తారు. అంత మర్యాద దొరికాక ఊరుకోవడానికి నేనేమన్నా సన్యాసినా? ఉయ్యాల్లో నా కాళ్ళ దగ్గర నాటుబాంబు పెట్టి జో కొట్టేవారని చెప్పాను. మోత విని అది ఏ తుపాకో, ఏ ఊళ్ళో చేసిందో, పేల్చినవాడు కుడిచేతివాటమో ఎడమచేతివాటమో చెప్పగలనన్నాను. అందరూ నమ్మారు. అందరికన్నా గట్టిగా నమ్మినవారు మా బావగారు. మా అక్క ఆయన పక్కనే కూర్చుని, "మా నాయన ఎలకను చూసినా బల్ల ఎక్కేటోడు" అని ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికెక్కలేదు. ఆయనది తెనాలి దగ్గర. పరమ శాకాహారి. ఇంట్లో సాలీడు కనిపిస్తే గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దూర్చి, తోటలోకి తీసుకుపోయి, "వెళ్ళిరా నాన్నా" అని వదిలేసి వచ్చేవారు.

ఆయనకు శాండ్రింగ్‌హామ్‌లో డెయిరీ ఉండేది. డెయిరీ అంటే పాలకేంద్రం అనుకునేరు. ఈ దేశంలో వీధి మలుపులో పాలు, రొట్టె, ఐస్‌క్రీము, సిగరెట్లు అమ్మే కొట్టుకి ఆ పేరు. ముందు కొట్టు, వెనక ఇల్లు. మా అక్క చూపుకి ఫ్రిజ్‌లో పాలు పెరుగయ్యేవి గాని, బావగారు మాత్రం నవ్వు ముఖం. అరువు అడిగినవాడికి కూడా ముందు నవ్వి, తర్వాతే లేదనేవారు.

రెండువేల మూడో నాలుగో, చలికాలం. మధ్యాహ్నం బళ్ళు వదిలే వేళ. ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఇద్దరు లోపలికొచ్చారు. ఒకడి చేతిలో కారు టైరు విప్పే ఇనప కడ్డీ. బావగారు ఏ గొడవా పెట్టుకోలేదు. గల్లాపెట్టె తెరిచి ముందుకు తోశారు, సిగరెట్ల అల్మైరా తాళం తీసి పక్కకు జరిగారు. అన్నీ సంచిలో నింపుకున్నాక, పోతూ పోతూ, కడ్డీ ఉన్నవాడు ఏ కారణమూ లేకుండా కొట్టాడు. మొదటి దెబ్బకు భుజం మీది ఎముక విరిగింది. రెండోది చెవి మీద. ఆయన ఐస్‌క్రీము పెట్టె మీద పడితే అద్దం పగిలి మోచేతి దాకా దిగబడింది. పడ్డవాడిని మూడోసారి కొట్టాడు, నాలుగోసారి రెండోవాడు కాలితో తన్నాడు. నేను చేరేసరికి అంబులెన్సు వెళ్ళిపోయింది. నేలంతా నెత్తురు, అందులో వెనిల్లా కరిగి పారుతోంది. మా అక్క మోకాళ్ళ మీద కూర్చుని నెత్తురంటిన రొట్టెలను ఒక్కొక్కటే సంచిలో వేస్తోంది. నన్ను చూసి ఏడవలేదు. "వాడు ఊరికే కొట్టినాడు రా. అంతా ఇచ్చేసినాక కొట్టినాడు" అంది. ఆ మాటే చాలా రోజులు చెప్పింది.

బావగారి ఎముక అతుక్కుంది, చెయ్యి మానింది, ఎడమ చెవి మాత్రం మళ్ళీ వినలేదు. నవ్వు రాలేదు. కట్టు విప్పిన వారమే నన్ను పిలిచి, గరాజ్‌లో కూర్చోబెట్టి, "ఏవోయ్, మీ సీమ బుర్ర ఇప్పుడు పనికి రావాలి. ఇంట్లో పెట్టుకోవడానికి ఏ తుపాకీ మంచిదో చెప్పు" అన్నారు. నా జన్మలో అంతకు ముందు తుపాకీని ముట్టుకున్నది తిరునాళ్ళలో బెలూన్లు కొట్టడానికే. అయినా గొంతు సవరించుకున్నాను. బావగారు చదివి పెట్టుకున్నారు కూడాను. రైఫిల్ అయితే ఒక గుండు, గురి తప్పితే అంతే సంగతులు. షాట్‌గన్ అయితే రవ్వలు విచ్చుకుంటాయి, చెయ్యి వణికినా పని జరుగుతుంది అని ఆయన వాదం. నేను, గొట్టం పొట్టిదైతే తలుపు సందులో తిప్పడానికి వీలని గంభీరంగా చెప్పాను. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు, ఆయన మాత్రం తల ఊపారు.

ఇద్దరం తుపాకుల కొట్టుకి వెళ్ళాం. గడ్డమున్న తెల్లవాడొకడు, బల్ల అవతల నుంచి, ఏం కొట్టడానికి కావాలని అడిగాడు. బావగారు తెనాలి వాళ్ళు కదా, అబద్ధం వెంటనే రాదు. దొంగల్ని, అన్నారు. ఆ గడ్డమాయన రెండు చేతులూ బల్ల మీద ఆనించి, మీరన్నది నాకు వినపడలేదు, బయటికి పోయి మళ్ళీ లోపలికి రండి అన్నాడు. నిజంగానే బయటికి పోయి మళ్ళీ వచ్చాం. అప్పుడు చెప్పాడు. ఈ దేశంలో బాతును కొట్టడానికి లైసెన్సు ఇస్తారు, కుందేలుకి ఇస్తారు, కొండల్లో అడవిమేకలకి ఇస్తారు, అట్టమీద గీసిన గుండ్రాలకు కూడా ఇస్తారు. ప్రాణం కాపాడుకోవడానికి అంటే మాత్రం ఇవ్వరు. ఇచ్చినా తుపాకీ ఒకచోట, గుళ్ళు ఒకచోట తాళం వేసి పెట్టాలి. అంటే దొంగ వస్తే, బాబూ కాస్త కూర్చో, మజ్జిగ తాగుతావా, నేను తాళంచెవులు వెతుక్కొస్తాను అని చెప్పాలన్నమాట. పైగా మన ఇళ్ళ గోడలు అట్టముక్కల్లాంటివి, వరండాలో పేలిస్తే గుండు మూడు గోడలు దాటి పిల్లల మంచం దగ్గర ఆగుతుంది అన్నాడు. ఇంత విన్నాక నేనైతే ఇంటికి పోయి పడుకునేవాణ్ణి. బావగారు కారెక్కి తలుపు వేసుకుని, "మేకలు" అన్నారు.

అలా, ఉల్లిపాయ కోయడానికి కూడా ముహూర్తం చూసే మనిషి వేటగాడయ్యారు. డెయిరీకి రోజూ పేపరు కోసం వచ్చే ముసలి ప్లంబర్ ఒకాయన ఉండేవాడు. ఆయనకు లైసెన్సు ఉంది, పక్కనే నిలబడి నేర్పిస్తే తప్పులేదట. ఒక ఆదివారం దక్షిణాన సముద్రం వైపు కొండల్లో ఎవరిదో గొర్రెల ఫారానికి తీసుకుపోయాడు. అడవిమేకలు అక్కడ గడ్డి తినేస్తాయని రైతులకు కోపం, ఎన్ని కొడితే అంత సంతోషం. నేను నిపుణుణ్ణి కాబట్టి వెంట వెళ్ళాల్సి వచ్చింది.

బావగారు కళ్ళజోడు తుడుచుకుని, బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి పేల్చారు. గోధుమరంగు మేక ఒకటి వెనక కాళ్ళు విరిగి కూలబడింది. చావలేదు. ముందు కాళ్ళతో శరీరాన్ని ఈడ్చుకుంటూ అరిచింది. మేక అరుపు ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచి తెలుసనుకున్నాను, తెలియదు. పేగులు గడ్డిలో దాని వెనకే వస్తున్నాయి. నేను కంచె పట్టుకుని పొద్దున తిన్న ఇడ్లీ మొత్తం కక్కేశాను. ప్లంబర్ తాత, పోయి పని ముగించు అన్నాడు. బావగారు ముగించలేరు, సొమ్మసిల్లి పడతారు, మా ఇద్దరినీ మోసుకుపోవాలి పాపం ముసలాయన అనుకున్నాను. బావగారు లేచారు. దాని దగ్గరికి నడిచారు. అది ఈయన ముఖంలోకి చూస్తుండగా తల మీద పెట్టి పేల్చారు. నెత్తురు కళ్ళజోడు మీద చిందింది. తుడుచుకోకుండానే వెనక్కి తిరిగి, ఇంకొకటి ఉందా అని అడిగారు. ఇంకొకటి ఉంది. ఆ తర్వాత మరొకటి. సాయంత్రం వాగులో చేతులు కడుక్కుంటూ నవ్వారు. కడ్డీ దెబ్బ తిన్నాక ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. నాకు సంతోషం వేయలేదు. ఇంటికొచ్చి మాత్రం, ఏడు మేకల్ని నేనే కూల్చానని, ఒకటి లొంగిపోతే క్షమించి వదిలేశానని అందరికీ చెప్పాను.

తర్వాత ఇల్లు మారిపోయింది. గరాజ్ గోడకు ఇనప పెట్టె బిగించారు, తుపాకీ రాకముందే. లైసెన్సు పరీక్ష రాశారు, ప్యాసయ్యారు. వాకిలికి ఎదురుగా కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మధ్య క్రికెట్ బ్యాటు పెట్టుకుని కూర్చునేవారు. మా మేనకోడలికి అప్పుడు పద్నాలుగేళ్ళు. ఇక్కడే పెరిగిన పిల్ల, తెలుగు వింటుంది గానీ మాట్లాడదు. అలాంటిది, ఆ రోజుల్లో బడి నుంచి వస్తూ గేటు దగ్గర నుంచే "నాన్నా, నేనే! నాన్నా, నేనే!" అని తెలుగులో కేకలు వేస్తూ వచ్చేది. నాకు ముచ్చటేసింది. పిల్లకు తెలుగు మీద ప్రేమ పుట్టిందని ఉగాది సభలో మైకు పట్టుకుని చెప్పాను కూడా. చప్పట్లు కొట్టారు.

లైసెన్సు ఇచ్చే ముందు పోలీసు తరఫున ఒక మనిషి ఇంటికి వచ్చి చూస్తాడు. వచ్చినాయన రిటైరైన వృద్ధుడు, బూట్లు గుమ్మంలోనే విప్పి, మేజోళ్ళతో లోపలికి వచ్చాడు. బావగారితో మాట్లాడాడు, ఇనప పెట్టె ఊపి చూశాడు, మేకల సంగతి విని మెచ్చుకున్నాడు. అంతా అయిపోయిందనుకున్నాం. అప్పుడాయన, భార్యతో విడిగా మాట్లాడాలి, అదీ పద్ధతి అన్నాడు. బావగారిని గరాజ్‌లోనే ఉండమని వంటింట్లోకి వచ్చాడు. మా అక్కకు కొట్టు నడిపేంత ఇంగ్లీషు వచ్చు, కానీ ఆమె స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుని, నన్ను పిలిచింది. "చిల్లర లెక్కలకు నా ఇంగ్లీషు చాలు. ఇది చెప్పేదానికి చాలదు. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. నీ కతలు కలపొద్దు" అంది. ఆయన ఆశ్చర్యంగా చూసి, సరేనన్నాడు.

ఆయన అడిగింది ఒకటే ప్రశ్న. ఇంట్లో తుపాకీ ఉంటే నీకు భయం లేకుండా ఉంటుందా?

అక్క పెరటి తలుపు దగ్గరికి పోయి, చట్రానికి వేలాడుతున్న దేవుడి క్యాలెండరు తీసి పక్కన పెట్టింది. దాని వెనక కొయ్య లోపలికి విరిగిపోయి ఉంది, గొడ్డలి పెట్టినట్టు. నా గడ్డం ఎత్తులో ఉంది ఆ దెబ్బ. తర్వాత చెప్పింది. నేను ఇంగ్లీషులోకి మార్చుతూ పోయాను. ఒక రోజు బడి తొందరగా వదిలారు. పిల్ల అమ్మను హడలగొడదామని చప్పుడు చేయకుండా పెరటి వైపు నుంచి వచ్చింది. వాళ్ళ నాన్న తలుపు వెనక నిలబడి ఉన్నాడు. తలుపు తెరుచుకోగానే ఎవరో చూడలేదు, బలమంతా పెట్టి బ్యాటు తిప్పాడు. చెప్పు జారి పిల్ల కాస్త వంగింది కాబట్టి కొయ్యకు తగిలింది. దాని జుట్టులో చెక్కపేళ్ళు ఇరుక్కుంటే అక్కే ఏరింది. పిల్ల ఏడవలేదట. ఆ రోజు నుంచి గేటు దగ్గరే అరుస్తోంది.

నేను అక్కడ ఆపేసి కిటికీలోంచి గేటు వైపు చూశాను. ఆ వృద్ధుడు నా వైపు చూస్తూ ఓపిగ్గా కూర్చున్నాడు. "చెప్పు రా" అంది అక్క. చెప్పాను. ఆమె చివరి మాట తెలుగులోనే నాకు గుర్తుంది. "దొంగ వస్తాడు, పోతాడు. ఈయప్ప దినామూ ఇంట్లోనే ఉంటాడు. బ్యాటుకు నా బిడ్డ తప్పించుకునింది. తుపాకీకి వంగితే సరిపోతుందా, అడుగు ఈయన్ని."

అడగలేదు. అడగనక్కర్లేకపోయింది. ఆయన పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. విరిగిన కొయ్య మీద బొటనవేలు ఒకసారి రాసి, థాంక్యూ మిసెస్ అన్నాడు. గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది.

కారు మలుపు తిరగగానే అక్క నేరుగా గరాజ్‌లోకి పోయింది. నేను ఆపబోయాను. "ఆ మనిషికి నేనే వద్దని చెప్పినా. పాపను కొట్టబోయింది కూడా చెప్పినా" అంది భర్తతో. దాచలేదు, గొంతు తగ్గించలేదు. బావగారు ఆమెను చూశారు, నన్ను చూశారు. గోడకానించిన సమ్మెట ఎత్తారు. నేను అక్క ముందుకు ఉరికాను. చచ్చేంత భయమేసినా ఉరికిన మాట నిజం, ఇది నా కతల్లోది కాదు. ఆయన ఇనప పెట్టెను కొట్టారు. మళ్ళీ కొట్టారు. రేకు వంగింది, బోల్టులు ఊడి గోడ పెళ్ళలు రాలాయి, తలుపు ఊడి ఆయన పాదం మీదే పడింది, అయినా కొడుతూనే ఉన్నారు. అరచేతులు చీలి సమ్మెట కర్ర ఎర్రబడింది. ఎదురింటి దొరసాని కుక్కను పట్టుకుని గేటు దగ్గర నిలబడిపోయింది. వినపడని చెవి వైపు నుంచి అక్క పిలుస్తుంటే ఆయనకు తెలియలేదు. ఆమె ఇటు తిరిగి, సమ్మెట కింద తల పెట్టినంత దగ్గరగా పోయి, రెండో చెవి వైపు నిలబడింది. అప్పుడు చెయ్యి దిగింది.

నేల మీద కూర్చుని, అంతవరకూ ఎవరికీ చెప్పనిది చెప్పారు. "ఆ రోజు వాడు రెండోసారి ఎత్తినప్పుడు నాకు బట్టల్లో పోయిందే. వాడు చూశాడు. చూసి నవ్వాడు. అందుకే మళ్ళీ కొట్టాడు." అక్క పక్కనే కూలబడి, ఆయన చీలిన అరచేతులు ఒళ్ళోకి లాక్కుంది. "నేనే కదా ఉతికింది. నాకు తెలీదా" అంది. ఎన్ని నెలలుగా తెలుసో, ఎందుకు అడగలేదో నేను అడగలేదు. ఇంట్లోకి పోయి ముగ్గురికీ కాఫీ పెట్టాను. పంచదార బదులు ఉప్పు వేశాను. తాగేశారు.

లైసెన్సు రాలేదు. బావగారు డెయిరీ అమ్మలేదు, చాలా ఏళ్ళు నడిపారు. అక్క చెప్తే విని ఒక డాక్టరమ్మ దగ్గరికి గురువారాలు వెళ్ళి మాట్లాడి వచ్చేవారు. అక్కడ ఏం మాట్లాడేవారో మాకు చెప్పలేదు. బ్యాటు చాలా కాలం పోలేదు. కుర్చీ వాకిలికి ఎదురుగానే ఉండేది, గంట మోగితే కళ్ళు ముందు చేతుల వైపే పోయేవి, వచ్చినవాడి చేతుల్లో ఏముందోనని. ఆ దొంగలు మళ్ళీ రాలేదు. వేరే దొంగలూ రాలేదు. వస్తే ఏమయ్యేదో నన్ను ఎవరడిగినా ఒక్కొక్కరికి ఒక్కో కథ చెప్పాను, అన్నిట్లోనూ గెలిచింది మేమే.

నేను ఆఫీసులో ఉండగా ఒక మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. గుసగుసగా మాట్లాడుతోంది. ఏదో జరిగిందని లేచి నిలబడ్డాను. "రేయ్, గట్టిగా మాట్లాడొద్దు. ఈయప్ప టీవీలో మ్యాచ్ చూస్తాండాడు. వాకిలికి వీపు చేసి కూర్చున్నాడు రా" అంది. ఆ తర్వాత ఇద్దరం ఫోను పట్టుకునే ఉన్నాం. ఫోనులో నుంచి కామెంట్రీ వినిపిస్తోంది, ఎవరో వచ్చినట్టు తలుపు గంట మోగింది, బావగారు తిరిగి చూడకుండానే, "వస్తున్నా, ఒక్క బాల్" అన్నారు. పేలని తుపాకుల గురించి నేను ఎన్నో గొప్పలు చెప్పాను గానీ, ఆ కుర్చీ అటు తిరగడం కన్నా పెద్ద సంగతి నేను కల్పించలేకపోయాను. పులిహోర వరుసలోని ఆ కుర్రాడికి చెప్పాల్సింది కూడా అదే. కొట్టినవాడికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు, ఆ దెబ్బ ఇంట్లోంచి బయటికి పోవడానికి మా మేనకోడలు యూనివర్సిటీలో చేరేంత కాలం పట్టింది. వాళ్ళ ఇంటి గోడ మీద గడియారం మాత్రం ఆ రెంటినీ ఒకే చప్పుడుతో లెక్కపెట్టింది.